పాస్‌వర్డ్ సంగతి ముందు, డాట్‌ఫైల్స్ సంగతి తర్వాత

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె హైదరాబాద్‌లోని ఓ కంపెనీలో బ్యాకెండ్ డెవలపర్. నెలలో సగం రోజులు ఆఫీసుకు వెళ్తారు, మిగతా సగం కాకినాడలో అత్తవారింటి నుంచి పని చేస్తారు. ఆఫీసు వాళ్లు ఇచ్చింది మ్యాక్‌బుక్. ఇంట్లో ఉన్నది ఉబుంటు వేసుకున్న సొంత డెస్క్‌టాప్. ఇవి కాక సొంత ప్రయోగాల కోసం అద్దెకు తీసుకున్న చిన్న క్లౌడ్ సర్వర్ ఒకటి. మూడు చోట్లా టెర్మినల్ ఒకేలా ఉండాలని ఆమె కోరిక. "చేతికి అలవాటైన షార్ట్‌కట్ పక్క మెషీన్‌లో పలక్కపోతే నా ఆలోచన అక్కడే తెగిపోతుంది" అని రాశారు.

మొదట్లో తన షెల్ ఫైల్‌ను (టెర్మినల్ సెట్టింగులుండే ఫైల్), విమ్ అనే ఎడిటర్ సెట్టింగులను వాట్సాప్‌లో తనకు తానే పంపుకునేవారు. ఇలా చుక్కతో పేరు మొదలయ్యే సెట్టింగుల ఫైళ్లనే డాట్‌ఫైల్స్ అంటారు. తర్వాత అన్నిటినీ ఓ క్లౌడ్ డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టి రెండు మెషీన్లకూ లింకులు కలిపారు. రెండూ ఒకేసారి ఆన్‌లో ఉన్న రోజుల్లో ఆ ఫోల్డర్‌లో ఒకే ఫైల్‌కు రెండు మూడు కాపీలు పుట్టుకొచ్చి, ఏది కొత్తదో తెలియక, నెలల తరబడి కూర్చుకున్న సెట్టింగులు పోయాయి. దాంతో ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ అనే టూల్ వాడదామనుకున్నారు. తన ఫైళ్లన్నీ ఉండే హోమ్ డైరెక్టరీలోనే గిట్ ఇనిట్ కొట్టి, అన్నిటినీ కలిపేసే గిట్ యాడ్ డాట్ అని, గిట్‌హబ్ సైట్‌లో అందరికీ కనిపించే పబ్లిక్ రెపో (ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే చోటు) చేసి అందులోకి పుష్ చేశారు, అంటే పంపారు. రెండు రోజుల తర్వాత చూస్తే షెల్ ఫైల్‌లో ఒక ఎక్స్‌పోర్ట్ లైన్ ఉంది. అందులో ఆఫీసు టెస్ట్ డేటాబేస్ అడ్రసు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉన్నాయి. వెంటనే ఆ లైన్ తీసేసి మళ్లీ పుష్ చేశారు. ఇది జరిగి మూడు వారాలైంది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఈలోపు సలహాలు చాలానే వచ్చాయి. టీమ్‌లో ఒకాయన డాట్‌ఫైల్స్‌ను చూసుకునే షేమ్వా అనే టూల్ వాడమన్నారు. బెంగళూరులో ఉన్న పెద్దమ్మగారి అబ్బాయి "నిక్స్ తప్ప ఇంకేదీ వద్దు చెల్లీ" అన్నారు, అది ప్రోగ్రాములనూ సెట్టింగులనూ కలిపి చూసుకునే టూల్. వీడియోల్లో ఒక్క గిట్‌తోనే చేసే బేర్ రెపో పద్ధతి అంటున్నారు. ఆదివారాలన్నీ వీటికే పోతున్నాయని భర్త విసుక్కుంటున్నారు. ఏ టూల్ ఎంచుకోవాలన్నది ఆమె ప్రశ్న. ఉత్తరం మడిచే ముందు రాసినట్టున్న చివరి వాక్యం ఇది: "ఆ పాస్‌వర్డ్ గురించి ఇప్పుడు చెప్పాలా, ఊరుకోవచ్చా?"

జవాబు:

మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. మిగతా విషయాలు నెల తర్వాత చూసుకున్నా నష్టం లేదు, ఇది మాత్రం ఆగదు.

మీరు ఆ లైన్ చెరిపేశారు కాబట్టి ఇప్పుడు ఫైల్ తెరిస్తే కనిపించదు. కానీ పాత రూపాలను భద్రంగా దాచడమే గిట్ పని. రెపోలో గిట్ లాగ్ అని, దానికి మైనస్ పీ తగిలించి కొట్టండి. మీ పాస్‌వర్డ్ అక్షరం పోకుండా అక్కడే ఉంటుంది, ముందు మైనస్ గుర్తుతో, ఎర్ర రంగులో. మీరు చెరిపిన ఆ కమిట్టే (గిట్ నమోదు చేసుకున్న మార్పే) దాన్ని వేలెత్తి చూపిస్తోంది. పబ్లిక్ రెపోల్లోకి వచ్చే కమిట్లను జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. వాటికి రెండు రోజులు అక్కర్లేదు, నిమిషాలు చాలు. గిట్‌హబ్ 2024 నుంచి పబ్లిక్ రెపోల్లోకి రహస్య కీలు వస్తుంటే పుష్‌ను ఆపుతోంది కదా, మరి నాదెందుకు ఆపలేదని మీకు అనిపించవచ్చు. ప్రసిద్ధ సేవల టోకెన్లకు ఒక నిర్దిష్టమైన రూపం ఉంటుంది, ఆ రూపాన్ని బట్టే అది గుర్తుపడుతుంది. మనిషి పెట్టిన డేటాబేస్ పాస్‌వర్డ్‌కు అలాంటి ఆనవాలేదీ ఉండదు.

మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఊరుకోవడం. ఆ డేటాబేస్ ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు వాళ్లకే తెరుచుకునే నెట్‌వర్క్) లోపల ఉంటే బయటివాళ్లు దాన్ని చేరలేరు, ఏమీ జరగకపోవచ్చు. కానీ అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడారేమో మీకు తెలియదు, మీ టీమ్‌లో చాలామందికీ తెలియకపోవచ్చు. రేపు ఏదైనా జరిగి వెతికితే, మీ పేరు, ఈమెయిల్, తేదీ, సమయంతో సహా ఆ కమిట్ దొరుకుతుంది. అప్పుడు అడిగే ప్రశ్న "ఎందుకు పెట్టావు" అని ఉండదు, "తెలిసి మూడు వారాలు ఎందుకు దాచావు" అని ఉంటుంది. దానికి జవాబు చెప్పడం చాలా కష్టం.

రెండు, రెపోను చడీచప్పుడు కాకుండా ప్రైవేట్‌గా మార్చడం, లేదా గిట్ ఫిల్టర్ రెపో అనే టూల్‌తో చరిత్రనంతా తిరగరాసి ఫోర్స్ పుష్ చేయడం, అంటే సర్వర్‌లోని పాతదాని మీద బలవంతంగా రాయడం. ఇది ఇకముందు చూసేవాళ్లను ఆపుతుంది, ఇప్పటికే కాపీ చేసుకున్నవాళ్లను ఏమీ చేయలేదు. పైగా ఫోర్స్ పుష్ తర్వాత కూడా పాత కమిట్ నంబర్ తెలిసినవాళ్లకు అది కొంతకాలం సర్వర్‌లో అందుతూనే ఉండవచ్చు. ఎవరైనా ఫోర్క్ చేసి (తమ ఖాతాలోకి కాపీ తీసుకుని) ఉంటే అందులోనూ ఉంటుంది. బయటపడిన పాస్‌వర్డ్‌కు మందు దాన్ని మార్చడమే. ఆ మార్చే అధికారం మీ చేతిలో లేదు, కాబట్టి ఈ దారి చివరికి మూడోదానిలోకే వచ్చి కలుస్తుంది.

మూడోది, చెప్పడం. నేనైతే ఇవాళే చెప్పమంటాను. ముందు రెపోను ప్రైవేట్‌గా మార్చండి, కానీ డిలీట్ చేయకండి. ఏ గంట నుంచి ఏ గంట దాకా బయట ఉందో ఆ కమిట్లే చెబుతాయి, డేటాబేస్ లాగ్‌లతో పోల్చుకోవడానికి మీ సెక్యూరిటీ వాళ్లకు అవి కావాలి. తర్వాత మేనేజర్‌కూ, సెక్యూరిటీ టీమ్ ఉంటే వాళ్లకూ కలిపి ఒక మెయిల్ రాయండి. అందులో మీ మనసులోని భయం, సంజాయిషీ ఏమీ అక్కర్లేదు. ఇంత చాలు:

"టెస్ట్ డేటాబేస్ పాస్‌వర్డ్ నా వ్యక్తిగత గిట్‌హబ్ రెపోలో ఫలానా తేదీ ఫలానా సమయానికి పొరపాటున పబ్లిక్ అయింది. రెండు రోజుల తర్వాత లైన్ తీసేశాను, అయినా రెపో చరిత్రలో ఇవాళ్టి దాకా కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు రెపోను ప్రైవేట్ చేశాను. దయచేసి పాస్‌వర్డ్ వెంటనే మార్చండి. ఈ మధ్యకాలపు కనెక్షన్ లాగ్‌లు కూడా ఒకసారి చూడాలి. కమిట్ వివరాలు జత చేశాను. చెప్పడం ఆలస్యం చేసినందుకు క్షమించండి."

మాటలు పడవచ్చు. కొన్ని కంపెనీల్లో అంతకన్నా ఎక్కువే జరగవచ్చు, జరగదని నేను హామీ ఇవ్వలేను. కానీ ఉత్తరంలో మీరు రాసిన ఆ నిద్రపట్టని రాత్రుల్లో మీరు ఊహించుకుంటున్నవాటికన్నా అది చిన్నదే అవుతుందని నా నమ్మకం. ఇంకో మాట కూడా చెప్పాలి. నలుగురు వాడే డేటాబేస్ పాస్‌వర్డ్ ఒక్కొక్కరి షెల్ ఫైల్‌లో మామూలు అక్షరాల్లో పడి ఉండే పరిస్థితి మీ ఒక్కరి వల్ల వచ్చింది కాదు. మీ టీమ్ దాన్ని కూర్చుని సరిచేసుకోవాలి, మీరు ముందుకొచ్చి చెబితే ఆ చర్చ మొదలవుతుంది.

అది అయ్యాక, సెక్యూరిటీ వాళ్లు సరేనన్నాక, ఆ రెపోను పూర్తిగా తీసేయండి. మూడు వారాల చరిత్ర పోతే పోయేదేమీ లేదు. ఇంట్లో హోమ్ డైరెక్టరీలో ఉన్న డాట్ గిట్ ఫోల్డర్‌ను కూడా తీసి వేరేచోట పెట్టుకోండి. అది అక్కడ ఉన్నంతకాలం, మీరు ఏ మామూలు ఫోల్డర్‌లో నిలబడి గిట్ స్టేటస్ కొట్టినా హోమ్ మొత్తం రెపో కింద లెక్కే. మళ్లీ ఒకసారి చెయ్యి జారి గిట్ యాడ్ డాట్ అంటే మళ్లీ అదే కథ.

ఇక డాట్‌ఫైల్స్. మీకు సలహా ఇచ్చినవాళ్లందరూ టూల్ పేరే చెప్పారు. డ్రైవ్‌లో పెట్టినప్పుడూ, గిట్‌లో పెట్టినప్పుడూ మీకు దెబ్బ తగిలింది ఒకే చోట: మూడు రకాల సరుకును ఒకే ఫైల్‌లో కలిపి ఉంచారు. అన్ని మెషీన్లకూ ఒకటే అయినవి, ఒక్క మెషీన్‌కే చెందినవి, రహస్యాలు. ఈ మూడూ విడిపడకపోతే ఏ టూల్ తెచ్చినా ఇదే గొడవ కొంచెం వేగంగా జరుగుతుంది.

మీరు ఉత్తరంతో పంపిన షెల్ ఫైల్‌నే తీసుకుందాం. అందులో గిట్ స్టేటస్‌కు జీఎస్ అని పెట్టుకున్న అలియాస్ (పొట్టి పేరు) ఉంది. అది మొదటి రకం, ఎక్కడైనా పనిచేస్తుంది. దాని కింద స్లాష్ ఆప్ట్ స్లాష్ హోమ్‌బ్రూ నుంచి, ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసే బ్రూను పిలిచే లైన్ ఉంది. ఆ దారి యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లలోనే ఉంటుంది, అందుకే ఉబుంటులో టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ మీకు ఎర్రర్ వస్తోంది. ఇంకొంచెం కింద పీబీకాపీతో క్లిప్‌బోర్డ్‌కు పంపే అలియాస్ ఉంది, ఆ కమాండ్ మ్యాక్‌లో తప్ప ఉండదు. ఇవి రెండో రకం. ఆ తర్వాతి లైనే మీ నిద్ర చెడగొట్టిన ఎక్స్‌పోర్ట్. అది మూడో రకం.

కాబట్టి షెల్ ఫైల్‌లో మొదటి రకం మాత్రమే ఉంచండి. చివర ఒక్క లైన్ కలపండి (మీ షెల్ పేరు జెడ్‌ఎస్‌హెచ్ కదా): జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ డాట్ లోకల్ అనే ఫైల్ ఉంటే చదువు, లేకపోతే వదిలెయ్ అని. ఆ లోకల్ ఫైల్ ప్రతి మెషీన్‌లో వేరువేరుగా ఉంటుంది, గిట్‌లోకి ఎప్పటికీ రాదు. మ్యాక్ సంగతులు మ్యాక్‌లోని లోకల్ ఫైల్‌లో, ఆఫీసు అలియాస్‌లు కూడా అక్కడే. ఆఫీసు సర్వర్ల పేర్లు, లోపలి అడ్రసులు పాస్‌వర్డ్‌లు కాకపోయినా మీ సొంత రెపోలో ఉండకూడనివే. పాస్‌వర్డ్‌లు లోకల్ ఫైల్‌లో కూడా వద్దు. పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టి, అవసరమైనప్పుడు దాని కమాండ్‌తో తెచ్చుకోండి.

ఆఫీసు ఈమెయిల్‌తో సొంత ప్రాజెక్టుల కమిట్లు వెళ్లిపోతున్నాయని మధ్యలో ఒక ముక్క రాశారు. దానికి గిట్‌లోనే మందు ఉంది. 2017లో వచ్చిన 2.13 వెర్షన్ నుంచి ఇన్‌క్లూడ్‌ఇఫ్ అనే ఏర్పాటు ఉంది. గిట్ సెట్టింగుల ఫైల్ గిట్‌కాన్ఫిగ్‌లో పైన మీ సొంత ఈమెయిల్ పెట్టండి. కింద, వర్క్ ఫోల్డర్ లోపలి రెపోలకైతే ఫలానా ఆఫీసు ఫైల్ కూడా చదవమని రాయండి. ఫోల్డర్ పేరు చివర స్లాష్ మరిచిపోకండి, అది ఉంటేనే లోపలున్న రెపోలన్నిటికీ వర్తిస్తుంది.

ఇక్కడే చాలామంది తడబడే చోటు ఒకటుంది. షెల్‌లోనూ గిట్‌లోనూ ఒకే సెట్టింగ్ రెండుసార్లు వస్తే తర్వాత వచ్చినదే చెల్లుతుంది, అందుకే లోకల్ ఫైల్‌ను పిలిచే లైన్ చివర ఉండాలి. దూరపు మెషీన్లకు కనెక్ట్ చేసే ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల ఫైల్ దీనికి తలకిందులు. అక్కడ మొదట దొరికిన విలువే ఖాయం. కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్‌లో లోకల్ ఫైల్‌ను పిలిచే ఇన్‌క్లూడ్ లైన్ అన్నిటికన్నా పైన, ఏ హోస్ట్ బ్లాకూ (ఒక్కో సర్వర్‌కు రాసుకునే భాగం) మొదలుకాకముందే ఉండాలి. కింద పెడితే అది పైనున్న హోస్ట్ బ్లాక్‌లో భాగమైపోయి, "పనిచేయడం లేదే" అని గంటలు పోతాయి.

ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీలు మాత్రం ప్రైవేట్ రెపోలో కూడా పెట్టకండి. మెషీన్‌కో కీ చేసుకోండి. రేపు ల్యాప్‌టాప్ పోతే ఆ ఒక్క కీని రద్దు చేస్తే సరిపోతుంది, మిగతావి తాకనక్కర్లేదు. షెల్ హిస్టరీ ఫైల్ కూడా వద్దు. హడావుడిలో కమాండ్ లైన్‌లో కొట్టిన పాస్‌వర్డ్‌లు అందులో ఎన్ని ఉంటాయో మనకే గుర్తుండదు.

ఇంత విడదీశాక టూల్ ప్రశ్న సగం తేలికవుతుంది.

వీడియోల్లో చెప్పే బేర్ రెపో పద్ధతిలో గిట్ తప్ప వేరే సరంజామా ఏదీ అక్కర్లేదు. రెపో ఒక పక్క ఫోల్డర్‌లో ఉంటుంది, హోమ్ డైరెక్టరీనే దాని పనిస్థలంగా చూపిస్తూ ఒక అలియాస్ పెట్టుకుంటారు, ట్రాక్ చేయని ఫైళ్లను చూపించవద్దని ఒక సెట్టింగ్ పెడతారు. మీలా సర్వర్ కూడా ఉన్నవాళ్లకు ఇది హాయి, గిట్ ఉన్న ప్రతిచోటా నడుస్తుంది. కానీ మీకు ఇది వద్దనే అంటాను. ఆ అలియాస్‌తో యాడ్ డాట్ అన్నా, యాడ్ మైనస్ ఏ అన్నా, మీరు మొన్న పడిన గోతిలోనే పడతారు. అదే అలియాస్‌తో గిట్ క్లీన్‌ను మైనస్ ఎఫ్‌డీ తగిలించి కొడితే ఇంకా ఘోరం, హోమ్‌లో ట్రాక్ కాని ఫైళ్లన్నీ, అంటే మీ ఫొటోలూ డాక్యుమెంట్లూ అన్నీ తుడిచిపెట్టుకుపోగలవు.

నిక్స్ హోమ్ మేనేజర్ గురించి మీ అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. సెట్టింగులతోపాటు ప్రోగ్రాములను కూడా ఒకే చోట రాసుకోవచ్చు, నచ్చకపోతే సెట్టింగుల పాత రూపానికి వెనక్కి వెళ్లవచ్చు. దాని ఖరీదు మాత్రం సమయం. దాని సొంత భాష నేర్చుకోవాలి. ఆఫీసు మ్యాక్‌లో ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ అనుమతి కావాలి, ఐటీ వాళ్లు ఒప్పుకోవాలి. ఇప్పుడు ఉన్న ఉద్రిక్తతలో ఐటీ వాళ్లను అడగడానికి ఇది సమయం కాదు. ఆ భాష మీద నిజంగా ఇష్టం పుడితే ఏడాది తర్వాత వెళ్లండి, మీరు ఇప్పుడు విడదీసుకున్న ఫైళ్లు అప్పుడూ పనికొస్తాయి.

మిగిలినవి రెండు, గ్నూ స్టో, షేమ్వా. మీ విషయంలో నిజమైన ఎంపిక ఈ రెండింటి మధ్యే.

స్టో చేసేది ఒక్కటే పని, లింకులు కలపడం. డాట్‌ఫైల్స్ అనే ఫోల్డర్‌లో జెడ్‌ఎస్‌హెచ్, విమ్, గిట్ అని ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కో ఉపఫోల్డర్. ఆ ఫోల్డర్‌లో నిలబడి స్టో విమ్ అంటే విమ్ ఫైళ్లకు హోమ్‌లో సింబాలిక్ లింకులు (అసలు ఫైల్ ఎక్కడుందో చూపించే గుర్తులు) వస్తాయి. సర్వర్‌లో విమ్ ఒక్కటే చాలనుకుంటే ఆ ఒక్కటే కలుపుకోవచ్చు. ఫైల్‌ను మీరు మామూలుగా తెరిచి మార్చినా మార్పు నేరుగా రెపోలోకే వస్తుంది, కమిట్ చేయడమే తరువాయి. హోమ్ రెపో కాదు కాబట్టి యాడ్ డాట్ అన్నా ప్రమాదం చాలా తక్కువ. ఇబ్బందులు లేకపోలేదు. అక్కడ అసలు ఫైల్ ముందే ఉంటే స్టో ముందుకు కదలదు, అది తీసి పక్కన పెట్టాలి. ఒక్కోసారి మొత్తం ఫోల్డర్‌కే లింక్ కలిపేస్తుంది. అప్పుడు ఆ ప్రోగ్రామ్ తనంతట తాను రాసుకునే తాత్కాలిక ఫైళ్లు కూడా మీ రెపోలోకి వచ్చి పడతాయి. నో ఫోల్డింగ్ అనే ఆప్షన్ పెడితే ఆ బాధ ఉండదు.

షేమ్వా లింకులు కలపదు, అసలు ఫైళ్లనే రాసి పెడుతుంది. మ్యాక్ అయితే ఈ లైన్, లినక్స్ అయితే ఆ లైన్ అని ఒకే ఫైల్‌లో టెంప్లేట్‌గా రాయవచ్చు. పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి రహస్యాలను తెచ్చి నింపగలదు. ఫైల్ పర్మిషన్లను కూడా గుర్తుపెట్టుకుంటుంది. గిట్ గుర్తుంచుకునేది ఫైల్ నడిపించదగినదా కాదా అన్నంత వరకే కాబట్టి, ఇది చిన్న సౌకర్యం కాదు. దీనికి మీరు అలవాటు మార్చుకోవాలి. ఫైల్‌ను నేరుగా తెరిచి మార్చకుండా షేమ్వా ఎడిట్ ద్వారా మార్చి, డిఫ్ (తేడాలు) చూసి, అప్లై చేయాలి. మరిచిపోయి నేరుగా మార్చారంటే ఆ మార్పు రెపోకు తెలియదు, రీయాడ్ చేసేదాకా రెండూ రెండు దారులు. కష్టపడి పనిచేసే రోజున టెర్మినల్‌లో ఏదో అలియాస్ చటుక్కున కలుపుకునే మనిషినని మీరే రాశారు. అలాంటి మనిషికి షేమ్వా మొదట్లో చికాకు పుట్టిస్తుంది.

మెషీన్లు మూడే, వాటి మధ్య తేడాలు లోకల్ ఫైల్‌లో ఇమిడిపోయేవే కాబట్టి నా మొగ్గు స్టో వైపు. మెషీన్లు పెరిగినా, లోకల్ ఫైళ్లలో కూడా ఒకే లైన్లు మళ్లీ మళ్లీ రాస్తున్నారని అనిపించినా అప్పుడు షేమ్వాకు మారండి. మారడానికి ఒక సాయంత్రం చాలు. రెపో ప్రైవేట్‌గానే పెట్టుకోండి, గిట్‌హబ్‌లో దానికి డబ్బు కట్టనక్కర్లేదు. సొంత రెపోను ఆఫీసు మ్యాక్‌లో క్లోన్ చేసుకోవచ్చో (కాపీ దించుకోవచ్చో) లేదో మాత్రం కంపెనీ నియమాలు చూడండి. ఒప్పుకోకపోతే వాదించకండి. ఆఫీసు మ్యాక్‌కు చేత్తో కాపీ చేసుకున్న చిన్న షెల్ ఫైల్‌తో సరిపెట్టుకుని, రెపోను ఉబుంటుకూ సర్వర్‌కూ వాడుకోండి.

డ్రైవ్‌లో జరిగిన రెండు కాపీల గొడవ గిట్‌లో అలా జరగదు, ఎందుకంటే రెండు చోట్లా ఒకే లైన్ మారితే అది ఆగి మిమ్మల్ని అడుగుతుంది. అది మరీ తరచుగా అడగకూడదంటే మెషీన్ ముందు కూర్చోగానే పుల్ (కొత్త మార్పులు దించుకోవడం), లేచేముందు కమిట్, పుష్. దీన్ని అనుకున్న వేళకు కమాండ్లు నడిపే క్రాన్‌లో పెట్టి ఆటోమేటిక్ చేద్దామన్న ఆలోచన మీ ఉత్తరంలో ఉంది. వద్దు. సగం మార్చి వదిలేసిన షెల్ ఫైల్ కూడా దానంతట అదే అన్ని మెషీన్లకూ వెళ్లిపోతుంది. కమిట్ సందేశంలో ఏం మార్చారో కాకుండా ఎందుకు మార్చారో రాయండి. ఏం మారిందో డిఫ్ ఎలాగూ చూపిస్తుంది.

షెల్ ఫైల్ మార్చేటప్పుడు రెండో టెర్మినల్ ఒకటి తెరిచి ఉంచుకోండి. సేవ్ చేశాక జెడ్‌ఎస్‌హెచ్ మైనస్ ఎన్ అని ఆ ఫైల్ పేరు ఇస్తే, నడపకుండానే రాతలో తప్పులుంటే చెబుతుంది. సర్వర్‌లోనైతే ఉన్న కనెక్షన్ మూయకుండా, ఇంకో కనెక్షన్‌తో లోపలికి వెళ్లగలుగుతున్నారో లేదో చూసుకున్నాకే మొదటిది వదలండి.

ఆదివారాల మాటకొస్తే, మీవారి విసుగులో న్యాయముంది. పై పనిలో ఫైళ్లు విడదీయడానికి ఒక పూట పడుతుంది, స్టో పెట్టుకోవడానికి ఇంకొంచెం. ఆ తర్వాత కొత్త ప్లగిన్లూ ప్రాంప్ట్ రంగులూ వెతుక్కుంటూ కూర్చునేదంతా సరదా. దాన్ని సరదాగానే లెక్కేసుకోండి, ఇద్దరూ మాట్లాడుకుని దానికి ఎంత సమయమో అనుకోండి.

అన్నీ అయ్యాక ఉబుంటులో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి, అందులోకి లాగిన్ అయి, రెపో క్లోన్ చేసి, స్టో నడిపి, టెర్మినల్ తెరవండి. లోకల్ ఫైల్ లేకపోయినా ఎర్రర్ రాకుండా తెరుచుకోవాలి. ఎర్రర్ వస్తే ఆ లైన్ లోకల్ ఫైల్‌లోకి వెళ్లాల్సింది పొరపాటున రెపోలో ఉండిపోయిందని అర్థం. తీసి అక్కడ పెట్టి, మళ్లీ తెరిచి చూడండి. శుభ్రంగా తెరుచుకున్నాక ఆ అకౌంట్ తీసేసి, డ్రైవ్ ఫోల్డర్‌కు ఉన్న పాత లింకులు కూడా తెంచేయండి.